రెండు వరుసల శంకర్‌లు

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాసన తగిలితే శంకరన్న గుర్తొస్తాడు. చైతన్యపురిలో మా పక్క హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. నా పేరూ శంకరే కాబట్టి, శంకర్ అనే మనిషి ఉన్న పుస్తకం ఏది దొరికినా నాకు తెచ్చేవాడు. నిజంగా బతికినవాళ్లవి ఒక వరుసలో, కథలవి ఇంకో వరుసలో పేర్చుకునేవాణ్ని.

"మన మీద గూడ రాస్తరా అన్నా?"

"తెలంగాణ రానీ, రాస్తరు."

తెలంగాణ రాకముందే, దాని కోసమే ప్రాణం తీసుకున్నాడు. అమరుల పుస్తకంలో ఆయన ఫొటో వేశారు. కింద నాలుగే లైన్లు. నేను దాన్ని కథల వరుసలో పెట్టాను.

"గది నిజం బిడ్డా, ఇటు పెట్టాలె," అంది అమ్మ, దాన్ని నిజంగా బతికినవాళ్ల వరుసలోకి మార్చబోతూ.

"కథలల్ల అయితే సచ్చినోళ్లు మల్ల ఒస్తరు గదమ్మా."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

తెలంగాణ వచ్చింది. ఆ పుస్తకాన్ని నేనింకా ఇటు మార్చలేదు.