గిన్నెల మీద పేర్లు చెక్కే ప్రోగ్రాం

బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణం ఉంది. అక్కడ గిన్నెల మీద పేర్లు చెక్కే మిషన్‌కి ప్రోగ్రాం రాసింది నేనే. మిషన్ నడిపేది మాదన్నపేట నుంచి వచ్చే ఒక అక్క.

ప్రోగ్రాం బాగానే నడిచింది. గిరాకీలే ఊరుకోలేదు. ఒకరికి పేరు అంచు వెంట వంపుగా కావాలి, ఇంకొకరికి పేరు కింద పువ్వు కావాలి. ప్రతిసారీ నేను కిషన్‌బాగ్‌లోని మా ఇంట్లో కోడ్ మార్చి, అది మిషన్‌కి ఎక్కేలా మళ్లీ కంపైల్ చేసి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని స్కూటర్ మీద పరుగెత్తాలి. ఒకే నెలలో నాలుగోసారి వెళ్లినప్పుడు అక్క నవ్వింది.

"తమ్మీ, పువ్వు జర పెద్దగ కావాల్నన్నా నువ్వే రావాల్నా? నేను మార్చుకునేటట్టు చెయ్యరాదు?"

నిజమే కదా అనిపించింది. ప్రోగ్రాం లోపలే చిన్న చిన్న స్క్రిప్టులు నడిచే ఏర్పాటు చేశాను. గీత ఎక్కడ మొదలవ్వాలో, ఎటు వంగాలో అక్క మామూలు టెక్స్ట్ ఫైల్లో రాస్తే చాలు, నా ప్రోగ్రాం అది చదివి మిషన్‌ని అలాగే నడుపుతుంది. మళ్లీ కంపైల్ చేసే పని లేదు. ఒక పూట కూర్చుని నేర్పించి, ఘనకార్యం చేసినవాడిలా ఇంటికొచ్చాను.

మూడో రోజు ఫోన్.

"తమ్మీ, జల్ది రా! మిషన్ ఆగుతలేదు!"

నేను వెళ్లేసరికి వైరు పీకేసి కూర్చుంది. పళ్లెం మీద 'మ' మీదే 'మ' పడీ పడీ అక్షరం ఆనవాలు లేకుండా పోయింది. అక్క రాసిన స్క్రిప్టు ఒకేచోట గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. దాన్ని ఆపే దారి నేను ప్రోగ్రాంలో పెట్టనే లేదు.

"నేనేం తప్పు రాసిన?" అంది బెదురుగా.

"తప్పు నాది అక్కా."

అక్కడే కూర్చుని, స్క్రిప్టు లెక్కకు మించి తిరిగితే ప్రోగ్రామే ఆపేసేలా మార్చాను.

కొన్ని వారాలకు కుక్కర్ కొందామని అటు వెళ్తే, ఒక పెద్దాయన టిఫిన్ డబ్బాని వెలుతురుకి పట్టుకుని చూస్తున్నాడు. దాని మీద ఆయన కూతురి పేరు, ఉర్దూలో. నేను నివ్వెరపోయాను. నా ప్రోగ్రాంకి ఎడమ నుంచి కుడికి రాయడమే తెలుసు.

"గిదెట్ల చేసినవ్ అక్కా?"

"ఉర్దూ ఒచ్చే మా పక్కింటి ఆపాతోని కాయితం మీద రాయించుకున్న. ఆమె చెయ్యి ఎట్ల తిరిగితే గట్లనే గీతలు పెట్టిన, కుడి దిక్కుకెల్లి."

పెద్దాయన అక్షరాలను బొటనవేలితో నిమిరాడు. "బహుత్ ఖూబ్, బేటీ," అని మెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఉర్దూ పేర్ల కోసం దుకాణాన్ని వెతుక్కుంటూ వస్తున్నారు. వాళ్లు అడిగేది అక్కనే. నేనెవరో వాళ్లకు తెలియదు, అయినా నాకు భలే సంతోషంగా ఉంటుంది.