చెయ్యి నొక్కిన శుక్రవారం

ప్రతి ఏడూ నవంబరు చివర్లో, ఢిల్లీ ద్వారకలో మా ఫ్లాటు అటక మీంచి రూమ్ హీటరు దించి మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు, ఏడాదంతా దాని కడ్డీల మీద పేరుకున్న దుమ్ము కాలి ఒక వాసన వస్తుంది. వెంట్రుకలు కాలినట్టుండే ఆ వాసన రెండు నిమిషాల్లో పోతుంది. నా భార్య ముక్కు మూసుకుని కిటికీ తెరుస్తుంది. నేను మాత్రం ఆ రెండు నిమిషాలూ జనక్‌పురిలో, పాతికేళ్ల కిందటి మా ముందుగదిలో, పెద్దవాళ్ల మోకాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుని ఉంటాను. ఈ ఏడు హీటరుతో పాటు అమ్మ పుస్తకం కూడా దించాను. ఎర్ర బైండు, పొడుగు రూళ్ల కాగితాలు, మూలలు ఎలుక కొరికిన ప్రార్థన విన్నపాల పుస్తకం.

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక ఉండేది. నాన్న కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆరు దాటాక చార్టర్డ్ బస్సు దిగి వచ్చి, మఫ్లరు కూడా విప్పకుండా దివాన్ గోడకి జరిపి, నేల మీద దుప్పట్లు పరిచేవాడు. అమ్మ ఒక పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వచ్చేవాళ్లలో సగం మంది నర్సులే, అందరూ గోదావరి, కృష్ణా, గుంటూరు వైపు వాళ్లే. తెల్ల బట్టల మీద నీలం స్వెట్టర్లు, చేతులకి స్పిరిట్ వాసన, సంచుల్లో దారిలో కొన్న ముల్లంగి, పచ్చి బఠాణీ. కింది వాటాలో ఉన్న పంజాబీ ముసలావిడకి చప్పుడు గిట్టదు. పాట కాస్త హెచ్చితే చీపురు కర్రతో తన గది కప్పు మీద పొడిచేది. "ఆమెన్ వచ్చేసింది, చాలించండి" అనేవాడు నాన్న. అందరూ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు.

పాట అయ్యాక వాక్యం చదివి, ఎవరికి తోచింది వాళ్లు చెప్పాలి. "బాగుంది" అంటే అమ్మ ఒప్పుకునేది కాదు. ఈ వారం నీ డ్యూటీలో, నీ వంటింట్లో ఆ మాట నీకెక్కడ గుచ్చుకుందో చెప్పమనేది. వార్డులో ముసలాయన్ని కసిరాననీ, అత్తగారి ఉత్తరం చింపేశాననీ పెద్దవాళ్లు తలలు వంచుకుని చెప్పేవాళ్లు. ఆ తర్వాత విన్నపాలు. అమ్మ ఒక్కొక్కటీ పుస్తకంలో రాసేది. బయటికి పొక్కకూడనిదైతే పేరు రాయకుండా 'ఒక సహోదరి', 'ఒక సహోదరుడు' అని మాత్రమే రాసేది. ఈ గదిలో విన్నది ఈ గదిలోనే ఉండాలని నాకు బొమ్మల పుస్తకాల కంటే ముందే నేర్పారు. చివర్న అందరం గుండ్రంగా కూర్చుని చేతులు పట్టుకునేవాళ్లం. ప్రార్థన ముగించినవాళ్లు కుడి పక్కవాళ్ల చెయ్యి నొక్కాలి, అప్పుడు వంతు వాళ్లది. నోరు విప్పి ప్రార్థించడం ఇష్టం లేనివాళ్లు ఊరికే నొక్కేస్తే చాలు, వంతు దాటిపోతుంది. ఎందుకు దాటవేశావని ఎవరూ అడగరు.

నేను పదేళ్లవాణ్ణి, ఎప్పుడూ దాటవేసేవాణ్ణి కాదు. పెద్దవాళ్ల ప్రార్థనల్లోంచి మంచి మంచి మాటలు ఏరి దాచుకుని, గొంతు వణికించి, ఐదారు నిమిషాలు ప్రార్థించేవాణ్ణి. కళ్లు మూసుకున్నా, ఎవరెవరు 'స్తోత్రం' అంటున్నారో లెక్క పెట్టుకునేవాణ్ణి. "మీ పండు దైవసేవకుడవుతాడు చూడండి సిస్టర్" అని నర్సులు అమ్మతో అంటుంటే, వేయించిన వేరుశనగల ప్లేటు అందించే మిషతో అక్కడే తచ్చాడేవాణ్ణి.

ఎలీషమ్మ ఆంటీ అలా అనేది కాదు. ఆమె అమ్మ వార్డులో ఆయా. పొట్టి మనిషి, పెద్ద గొంతు, నవ్వితే పొగాకు నల్ల పళ్లు. ఎవరి పెళ్లి కుదిరింది, ఎవరి బదిలీ ఆగింది, అన్నీ ఆమెకే ముందు తెలిసేవి. "లౌడ్‌స్పీకరు వచ్చింది, తలుపు తియ్యరా" అనేవాడు నాన్న. "నేను లౌడ్‌స్పీకర్నే అయ్యగారూ, మీరేమో ఫ్యూజు పోయిన బల్బు. ఓ పాటన్నా పాడండి" అంటూ ఆమె లోపలికి వచ్చేది. శనివారాలు మా కూడికవాళ్లంతా ఆసుపత్రికి వెళ్లేవాళ్లం. ఆంధ్ర నుంచి జబ్బులతో వచ్చి, మంచం దొరక్క, భాష రాక, గేటు బయట ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లకి బ్రెడ్డు, అరటిపళ్లు, ఫ్లాస్కుల్లో పాలు ఇచ్చేవాళ్లం. మిగతావాళ్లు ఇచ్చి ప్రార్థన చేసి వచ్చేవాళ్లు. ఎలీషమ్మ మాత్రం అక్కడే గొంతుక్కూర్చుని, ఎవరి తలో ఒడిలో పెట్టుకుని పేలు దువ్వేది, చీము కట్టిన కాళ్లు కడిగేది, కాపలావాణ్ణి "భయ్యా, భయ్యా" అని బతిమాలి ఒకరినైనా లోపలికి పంపేది. నేను ముక్కుకి మఫ్లరు చుట్టుకుని దూరంగా నిలబడేవాణ్ణి. "ఏం పండుబాబూ, నీ ప్రార్థనకి ముక్కు లేదు గానీ నీకుందే!" అనేది. నాకు ఆమె అంటే కోపం.

ఆ ఏడు వానలు తగ్గుతున్నప్పుడు సువార్త ఆంటీ వచ్చింది. అమ్మ చదివిన నర్సింగ్ స్కూల్లోనే అమ్మ కంటే చిన్న క్లాసు. వెంట ఎనిమిదేళ్ల కూతురు దీవెన, ఒక రేకు పెట్టె. సాగర్‌పూర్‌లో పాల డెయిరీ పైన ఒక గది చూసుకుని, ఏదో నర్సింగ్ హోములో చేరింది. రెండో శుక్రవారమో మూడోదో, తన వంతు విన్నపం చెప్పేటప్పుడు ఎడమవైపు పొడుగు జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మోచేతి నుంచి మణికట్టు దాకా ఇస్త్రీపెట్టె మచ్చ. భర్త ఊళ్లో లేనప్పుడు బిడ్డను తీసుకుని రైలెక్కేశానని చెప్పింది. "నేనెక్కడున్నానో ఆయనకి తెలియకూడదు. అంతే అక్కా, ఇంకేం అడగను దేవుణ్ణి." అమ్మ పుస్తకంలో 'ఒక సహోదరి, కాపుదల' అని రాసింది.

దీవెనకి హిందీ రాదు. వీధి పిల్లలు "ఖేలేగీ?" అని అడిగితే బిక్కమొహం వేసేది. నేనే స్టాపూ, అంటే మన తొక్కుడుబిళ్ల, గళ్లు సుద్దతో గీసి, బిళ్ల ఎలా వెయ్యాలో, నా వంతు అనడానికి ఎప్పుడు "మేరీ బారీ" అని అరవాలో నేర్పాను. నెల తిరక్కుండా ఆ వీధిలో అందరికంటే గట్టిగా "మేరీ బారీ!" అని అరిచేది అదే. డిసెంబర్లో అమ్మావాళ్లు సెలవులు కలుపుకుని మా వంటింట్లో గులాబిపూలు, కజ్జికాయలు, చక్రాలు చేసేవాళ్లు. గులాబిపూల అచ్చుని కాగే నూనెలో ముంచి తీసి పిండిలో ముంచితే వచ్చే 'సుయ్' అనే చప్పుడుకి దీవెన ప్రతిసారీ ఎగిరిపడి నవ్వేది. బాల్కనీలో కాగితం నక్షత్రం, దాని లోపల ఎర్ర బల్బు, బయట పొగమంచులో అది నానిన రంగులా వ్యాపించి ఉండేది. సువార్త ఆంటీ గట్టిగా నవ్వగా నేను విన్నది ఆ వారమే.

క్రిస్మస్ కూటాలకి కోస్తా నుంచి ఒక బోధకుణ్ణి పిలిచారు. రెండు రోజులు మా ఇంట్లోనే బస. తెల్ల లాల్చీ మీద బూడిదరంగు శాలువ, మెత్తటి గొంతు. రెండో రోజు పొద్దున అమ్మ నైట్ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు, నాన్న పాలబూత్‌కి వెళ్లాడు. ఆయన టీ తాగుతూ, "బాబూ, నువ్వు బాగా ప్రార్థిస్తావటగా. ఈ పూట నువ్వే చెయ్యి" అన్నాడు.

చేశాను. దాచుకున్న మాటలన్నీ వాడాను. అవి అయిపోయాక కూడా ఆయన 'స్తోత్రం, స్తోత్రం' అంటూనే ఉన్నాడు, నాకు ఆపబుద్ధి కాలేదు. అప్పుడు నా దగ్గర మిగిలిన వాటిలో అన్నిటికంటే బరువైనది తీసి వాడాను. "ప్రభువా, సువార్త ఆంటీని, దీవెనను ఆ దుర్మార్గుడి చేతిలోంచి తప్పించి ఢిల్లీలో దాచిపెట్టినందుకు వందనాలు" అన్నాను. ఆమెన్ అయ్యాక నా తల మీద చెయ్యి వేసి, ఏ ఊరమ్మాయి బాబూ అని అడిగాడు. చెప్పాను. ఎక్కడుంటోందని అడిగాడు. సాగర్‌పూర్‌లో, పాల డెయిరీ పైన అని చెప్పాను. దీవెన ఏ స్కూల్లో చదువుతోందో ఆయన అడగలేదు. అదీ నేనే చెప్పాను.

ఆయన చెడ్డవాడని నేననుకోను. విడిపోయిన కుటుంబాన్ని కలపడం కూడా సేవే అనుకుని ఉంటాడు.

జనవరిలో శీతాకాలం సెలవులు అయి స్కూళ్లు తెరిచిన వారంలో, మంచు ఇంకా విడవని ఒక పూట, దీవెన తండ్రి ఇద్దరు బంధువులతో స్కూలుకి వచ్చి, కూతురి ఫోటో, కాగితాలు చూపించి పిల్లను తీసుకెళ్లిపోయాడు. సువార్త ఆంటీ డ్యూటీ బట్టల్లోనే, స్వెట్టరు లేకుండా, మా మెట్లెక్కి వచ్చింది. పళ్లు కొట్టుకుంటున్నాయి. "ఎవరు చెప్పారక్కా? ఎవరికీ తెలీదు గదా అక్కా?" అని అమ్మ భుజాలు పట్టుకుని ఊపింది. నాన్న ఆమెను పోలీసు స్టేషనుకి తీసుకెళ్లాడు. కన్నతండ్రే గదా, ఇది కిడ్నాపు కాదన్నారు. ఆ మర్నాడే ఆమె రేకు పెట్టె కూడా తీసుకోకుండా రైలెక్కి కూతురి వెనకే ఆ ఇంటికి వెళ్లిపోయింది.

ఎలీషమ్మ డిసెంబర్లో పది రోజులు ఊరెళ్లి వచ్చింది. ఆమె నోరు ఎలాంటిదో అందరికీ తెలుసు. ఆ శుక్రవారం ఎవరూ ఆమెను సూటిగా అడగలేదు. ఒక నర్సాంటీ మాత్రం వేరుశనగ పొట్టు ఊదుకుంటూ, "ఊరెళ్లొచ్చావుగా ఎలీషమ్మా, ఢిల్లీ కబుర్లన్నీ చెప్పొచ్చావా?" అంది.

"నేనెవరికీ చెప్పలేదండీ. నా కొడుకు మీద ఒట్టు."

"నిన్నెవరన్నారు ఇప్పుడు?"

ఎవరూ నవ్వలేదు. హీటరు కడ్డీలు ఎర్రగా మండుతున్నాయి. గుండ్రంగా కూర్చుని చేతులు పట్టుకున్నాం. నా కుడి పక్కన ఎలీషమ్మ. ఫినాయిలుకి పగిలిన ఆ గరుకు చెయ్యి నా చేతిలో ఉంది, చెమట పట్టి ఉంది. ప్రార్థన అమ్మ దగ్గర్నుంచి నాన్నకి, నాన్న నుంచి నాకు వచ్చింది. గది అంతా నా కోసం ఆగింది. నాకు అన్ని మాటలూ తెలుసు. ఒక్క మాట చాలు, అదీ తెలుసు. నేను ఆమె చెయ్యి నొక్కాను.

జన్మలో మొదటిసారి నా వంతు దాటవేసి, దాన్ని ఆమె మీద పెట్టాను. ఆమె "తండ్రీ" అంది. తర్వాత ఏమీ రాలేదు. మళ్లీ "తండ్రీ" అంది. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో! చివరికి తను కూడా పక్కవాళ్ల చెయ్యి నొక్కింది. టీ తాగకుండా వెళ్లింది, మళ్లీ రాలేదు.

శనివారాలు ఇంకో నాలుగు నెలలు సాగాయి. ఏ కాపలావాడితో ఎలా మాట్లాడాలో, ఎవరికి ఏ వార్డు కావాలో మాలో ఎవరికీ తెలియలేదు. ఎండలు ముదిరాక అవి ఆగిపోయాయి. సువార్త ఆంటీ నుంచి ఒకే ఒక ఉత్తరం వచ్చింది, క్షేమమని. కొన్నేళ్లకి గోదావరి జిల్లాలో ఒక పెళ్లిలో అమ్మ ఆమెను చూసిందట. ముందు పళ్లు రెండు లేవట. అమ్మ పలకరిస్తే, "మీరెవరో నాకు తెలీదండీ" అని మొహం తిప్పుకుందట. దీవెన ఏమైందో అమ్మకి అడిగే వీలు దొరకలేదు. నేను ఎప్పటికీ తెలుసుకోలేదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదనడం నిజానికి దగ్గర.

పోయిన వేసవిలో అమ్మ పోయింది. ఆమె సామాను సర్దుతుంటే ఈ ఎర్ర పుస్తకం దొరికింది. ప్రతి కొత్త సంవత్సరం మొదటి పేజీలో, ఇంటివాళ్ల పేర్ల కింద, అదే గుండ్రటి చేతిరాతలో ఒక వరస ఉంది: 'ఎలీషమ్మ నోటిని శుద్ధి చేయమని.' ఒకటి కాదు, పదకొండు సంవత్సరాలు. అమ్మ మనసారా ప్రార్థించింది. నేను ఆ ఇంట్లోనే అన్నం తిన్నాను, ఆ గుండ్రంలోనే కూర్చున్నాను, నోరు తెరవలేదు.

ఎలీషమ్మ ఉత్తమ్ నగర్‌లో ఒక వెనక గల్లీలో కొడుకు దగ్గర ఉంటోందని తెలిసి వెళ్లాను. "దాదీ, కోయీ ఆయా హై" అని, ఎవరో వచ్చారంటూ మనవరాలు లోపలికి కేక వేసింది. మంచం మీద చిన్నగా ముడుచుకుపోయి ఉంది. అమ్మ పేరు చెబితే గుర్తుపట్టి, టీ పెట్టించింది. నేను అంతా చెప్పాను. ఆమె టీ మీద మీగడ వేలితో తీస్తూ కూర్చుంది.

"సువార్తమ్మ బతుకు ఎటూ పోయింది. నువ్వప్పుడే చెప్పుంటే నాకు నా శుక్రవారాలుండేవి" అంది. తర్వాత, "నాకేం చెప్తావు బాబూ. ఆ గదిలో కూర్చున్నోళ్లకి చెప్పు" అంది.

మావాళ్లలో ఏ ఇంటికి వెళ్లినా ప్రార్థన చేయకుండా లేవరు. ఆ ఆనవాయితీ కొద్దీ కళ్లు మూసుకుని "మహోన్నతుడా" అనబోయాను. ఆమె చెయ్యి అడ్డంపెట్టింది.

"వద్దు. టీ తాగావుగా, వెళ్లు."

ఆ గదిలో కూర్చున్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? నాన్న ఎప్పుడో పోయాడు. ఇద్దరు నర్సాంటీలు పోయారు, ముగ్గురు ఫోనులో దొరికారు. వేరుశనగ పొట్టు ఊదిన ఆంటీ అంతా వింది. "ఇప్పుడెందుకులే నాన్నా ఇవన్నీ" అని పెట్టేసింది. జనక్‌పురి ఇల్లు కూలగొట్టి నాలుగంతస్తులు కట్టారు. చీపురు కర్రతో కప్పు పొడిచేవాళ్లు లేరు. మా విన్నపాలు పుస్తకంలో రాయడం మానేసి చాలా ఏళ్లయింది. వాట్సాప్ గ్రూపులో పెడతాం, పూర్తి పేర్లతో, వార్డు నంబర్లతో, కొన్నిసార్లు ఫోటోలతో. 'ఒక సహోదరి' అని రాసేవాళ్లెవరూ లేరు. ఆసుపత్రి గేటు బయట ఫుట్‌పాత్ మీద జనం మాత్రం ఇప్పటికీ పడుకునే ఉన్నారు. మెట్రోలో ఆఫీసుకి వెళ్లేటప్పుడు దాని దగ్గరి స్టేషను దాటుతుంటే నేను ఫోను చూసుకుంటాను.

మొన్న శుక్రవారం మా ఇంట్లోనే కూడిక. హీటరు వాసన ఇంకా పూర్తిగా పోలేదు. నా కుడి పక్కన నా కూతురు కూర్చుంది. దానికి తొమ్మిదేళ్లు, ఇంగ్లీషులో చక్కగా ప్రార్థిస్తుంది, ఆంటీలు మెచ్చుకుంటారు. నేను ప్రతివారం లాగే ఊరికే నొక్కేస్తానని దాని చెయ్యి సిద్ధంగా ఉంది. నేను నొక్కకుండా, కళ్లు తెరిచి, ఇక్కడ రాసిందంతా చెప్పాను. నేను అయిపోయిందన్నాక ఎవరూ ఆమెన్ అనలేదు. ఆ రాత్రి గ్రూపులోంచి రెండు విన్నపాలు, పెట్టినవాళ్లే తీసేశారు.

కూడికలో నా కూతురు మాత్రం తన వంతు వచ్చిందో లేదో తెలియక, కళ్లు గట్టిగా మూసుకుని, నేను చెయ్యి ఎప్పుడు నొక్కుతానా అని ఎదురుచూస్తూ అలాగే కూర్చుంది.