వంశానికి మాత్ర

ఆ రోజుల్లో నేను నవ్వేవాణ్ణి కాదు. నవ్వు రాక కాదు, మా అవ్వ ఒప్పుకోక. ఒకప్పుడు కృష్ణగిరి చుట్టుపక్కల ఊళ్లను ఏలిన పాళెగాళ్ల వంశం మాది. కోట పోయింది, పొలాలు పోయాయి, చివరికి హోసూరులో అద్దె ఇల్లు మిగిలింది. నిటారు వెన్నును మాత్రం ఎవరూ జప్తు చేయలేకపోయారు. "మనోళ్లు నడిచేటప్పుడు చేతులూపరాదు, పదిమందిలో పండ్లు చూపరాదు" అనేది అవ్వ. (ఏలుబడి పోయినా మా ఇంట్లో ఈ చట్టం పోలేదు.) ఆ నడకతోనే వైద్యం చదివి, నరాల డాక్టరునై, పార్కిన్సన్ జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టి, నా మొదటి వైద్య శిబిరానికి కల్లావి అనే ఊరికి వెళ్లాను.

బడి వరండాలో నిలబడి ఆ జబ్బు గుర్తులు వివరించాను. వణుకు అందరికీ ఉండదు. ముఖంలో నవ్వు తగ్గిపోతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, నడకలో చేతులు ఊగవు. ముందు వరసలో ఒకావిడ, పక్కనే కదలిక లేని ముఖంతో ఆమె భర్త కూర్చున్నారు. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, లేచి వచ్చి, ఒక కుర్చీని నా వెనక్కి జరిపింది.

"కూచోప్పా. ఇంత చిన్న వయసులోనే వచ్చిందే, పాపం. డాక్టరు యాడ?"

"నేనే డాక్టర్నమ్మా."

"మరి నువ్వు చెప్పినవన్నీ నీకే ఉండాయే?"

"ఇది జబ్బు కాదమ్మా. మా వంశం."

"వంశానికి మాత్ర లేదాప్పా?"

వరండా అంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "ఈయన్ని అడక్కుండా ఎనుమును అమ్మితిని. ఆ కోపంతోనే మొగం బిగించుకోనుండాడు. జబ్బని నువ్వంటే ఎట్ల నమ్మేది, నీ మొగమూ అట్లే ఉంటే? లెయ్, పోదాం" అని భర్త చేయి పట్టుకుంది.

వాళ్లు వరండా దిగిపోతే ఆయనకు మందు అందదు, గేదెను అమ్మిన బరువు ఆవిడ మనసులోంచి దిగదు. అవ్వకు మనసులోనే క్షమాపణ చెప్పుకొని, పండ్లన్నీ బయటపెట్టి, చేతులూపుతూ వరండా ఆ చివరిదాకా నడిచాను. అలవాటు లేని పని. కుడికాలితో పాటు కుడిచేయే లేచింది.

"చూడండమ్మా, నేను కావాలంటే నవ్వగలను, చేతులూపగలను. ఆయన కావాలన్నా చేయలేడు. అది కోపం కాదు."

అప్పుడు వినబడీ వినబడని గొంతుతో ఆ భర్త అన్నాడు. "మన ఎనుమే ఇంతకన్నా బాగా నడిచేది."

ముఖంలో ఒక్క గీత కదల్లేదు. ఆవిడ ఆయన్నే చూస్తూ, "అయితే నీకు కోపం లేదా?" అంది.

"అది ఎప్పుడో పాయె."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఏడుస్తూనే నవ్వింది. పరీక్ష చేయించుకోవడానికి ఆయన్ని తానే లోపలికి తీసుకొచ్చింది.

మందులతో ఆ ముఖంలోకి కొంచెం నవ్వు తిరిగొచ్చింది. నేటికీ ఆయన హోసూరులో నా క్లినిక్‌కు వచ్చినప్పుడల్లా, నడక చూపించమని నేనంటే, "ముందు నువ్వు నడువప్పా" అంటాడు. నడుస్తాను. కొత్తగా వచ్చే ప్రతి రోగికీ అలాగే నడిచి చూపిస్తాను. ఇప్పుడు చేయీ కాలూ బాగానే కుదురుతున్నాయి. నా క్లినిక్ నడవలో అవ్వ పటం ఉంది. దాని ముందుకు రాగానే చేతులు వాటంతట అవే ఒంటికి అతుక్కుంటాయి. నాలుగడుగులు దాటాక మళ్లీ ఊగుతాయి.