విమానాల తమాషాకు నులకమంచం

పోలీసు యాక్షన్ ముగిసి ఏడాది దాటినా మెట్టుగూడలో మా ఇంట్లో మాత్రం అది ముగియలేదు. ఆకాశంలో ఎక్కడో గుయ్‌మని చప్పుడైతే చాలు, నాయన, అమ్మ చెయ్యి పట్టుకుని నులకమంచం కిందికి దూరేవాడు. విమానాలు తిరిగిన ఆ రోజుల్లో పట్టుకున్న అలవాటు అది. "మీ అమ్మకు గుండెదడ, ఒక్కదాన్ని ఇడ్సిపెట్టొద్దు" అని నాకు చెప్పేవాడు. పొయ్యి మీద పప్పు మాడినా, గుమ్మంలో చుట్టాలు నిలబడినా, చప్పుడు పోయేదాకా ఇద్దరూ మంచం కిందే. రైల్వే వర్క్‌షాపులో సమ్మెట కొట్టే మనిషి పెళ్ళానికి ఇంత కాపలా కాస్తున్నాడని వాడంతా మెచ్చుకునేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఇంత పిరికి అమ్మ నాకే దొరకాలా?

అమ్మకు ఒకటే కోరిక. "ఇన్నిసార్లు సప్పుడు విన్న గని, ఇమానం ఎట్లుంటదో ఒక్కనాడు కండ్ల జూడలే. ఒక్కసారి జూస్తే సాలు" అనేది. మంచం కింద నుంచి ఏం కనబడుతుంది, నులక తప్ప?

అలాంటప్పుడు బొల్లారం అవతల మైదానంలో, పెద్ద యుద్ధంలో తిరిగిన విమానాలతో తమాషా చూపిస్తారని దండోరా వేశారు. అమ్మ ఆ పూటే పెట్టెలోంచి పట్టుచీర తీసి ఎండలో వేసింది. కాదనడానికి నాయనకు నోరు రాలేదు. ఒక్క షరతు పెట్టాడు.

"మంచం సుత తీస్కపోదాం. నీకు దడ షురూ అయితే ఏడ దాసుకుంటవ్?"

"ఇమానాలు జూడబోతున్నమా, కాన్పుకు పోతున్నమా?" అంది అమ్మ.

వింటేగా! బండి మీద మంచం, మంచం మీద మేము. దారి పొడుగునా జనం ఆగి, "పానం బాగలేదా? దవాఖానకా?" అని ఒకటే పరామర్శ. పట్టుచీర కట్టుకుని కూర్చున్న అమ్మను చూస్తూ అడుగుతారే! సిగ్గుతో చచ్చాను.

తీరా వెళ్ళి చూస్తే మేమే నయం. లాలాగూడ నుంచి వచ్చినవాళ్ళు భోజనాల బల్ల తెచ్చుకున్నారు. ఒక ఇంటివాళ్ళు తలుపు ఊడదీసి తెచ్చారు. మా పక్కింటి దర్జీ చాచా బట్టలు కత్తిరించే బల్లను నెత్తిన పెట్టుకొచ్చి దాని కింద చాచీని కూర్చోబెట్టాడు. అప్పట్లో ఎవరు దేని కింద దాక్కున్నారో అది వాళ్ళ వెంటే వచ్చింది. సంత అనుకుని ఒకాయన మా మంచాన్ని బేరమాడాడు కూడా. బూర పట్టుకున్న సిపాయి ఒకడు మంచాలు తీసెయ్యమని "చార్‌పాయీ హటావో" అంటూ అరిచి అరిచి, గొంతు పోయి, చివరికి మా మంచం మీదే ఓ పక్క కూలబడ్డాడు.

అప్పుడు మొదటి విమానం లేచింది. చప్పుడు పెరుగుతుంటే మైదానంలో సగం జనం బల్లల కిందికీ తలుపుల కిందికీ మాయమయ్యారు. అమ్మ మాత్రం మంచం మీద నిటారుగా నిలబడింది.

"అబ్బ! గిదా ఇమానం! పొట్ట సుత కనబడ్తున్నదే! ఎంత ముద్దుగున్నది!"

భయం ఊసే లేదు. ఆ మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. నాయన కోసం వెతికాను. మంచం కింద, మోకాళ్ళలో తల దూర్చి, ఆ సమ్మెట చేతులతో చెవులు మూసుకుని వణికిపోతున్నాడు. "మీ అమ్మను దింపే... అమ్మను దింపు" అంటున్నాడు.

దడ ఎవరిదో అప్పుడు తెలిసింది నా మట్టిబుర్రకు.

సిపాయి కిందికి వంగి చూసి పకపకా నవ్వాడు. మగాడివై ఉండి భయమా అని, "మర్ద్ హోకే డర్తా హై?" అన్నాడు. చాచా బల్ల వైపు నుంచి తలలు ఇటు తిరిగాయి. విమానం దూరంగా ఒక చుట్టు తిరిగి, ఇంకా కిందికి దిగి, మా నెత్తి మీదికే వస్తోంది. అమ్మ దాన్ని చూసింది. సిపాయిని చూసింది. గబుక్కున దూకి, పట్టుచీర దుమ్ములో ఈడ్చుకుంటూ మంచం కిందికి పోయింది.

"అయ్యో, నాకు దడైతున్నదయ్యా! జెర గట్టిగ పట్టుకో!" అని మైదానమంతా వినబడేలా అరిచింది.

విమానం మా మీది నుంచే పోయింది. నేను వంగి చూశాను. అమ్మ నాయన తలను కడుపుకు అదుముకుని ఉంది. కళ్ళు మాత్రం బయటికే, గడ్డి మీద జారిపోతున్న నీడ వైపే. దుఃఖం ఆగక బావురుమన్నాను.

"క్యా హువా బేటీ?" అని దర్జీ చాచా పరుగెత్తుకొచ్చాడు.

"మా అమ్మకు భయమైతున్నది చాచా" అన్నాను.