గాలి పిసినారి

చమురు శుద్ధి కర్మాగారంలో ఆయన్ని అందరూ గాలి పిసినారి అనేవారు. ఆ మాటకు ఆయన లోలోపల మురిసిపోయేవాడు కూడా. చమురు కాచే ఫర్నేసులోకి అవసరానికి మించి గాలి వెళితే, దాన్నీ కాచి చిమ్నీకి సమర్పించుకోవాలి. ఇంధనం దండగ, ఊరికి అదనపు పొగ. అందుకే ఆయన షిఫ్టులో గాలి తలుపులు వీలైనంత బిగించే ఉండేవి. ఎవరైనా వదులు చేస్తే, "మీ అత్తగారి సొమ్మా?" అని విరుచుకుపడేవాడు.

పట్టుబట్టి బావమరిదిని ఆ ఫర్నేసు దగ్గరే పనిలో పెట్టించాడు. పనీ తనే నేర్పాడు. "మంట మసకబారితే ముందు ఇంధనం తగ్గించు. గాలి జోలికి పోకు. కాలకుండా మిగిలిన గ్యాసుకి ఒక్కసారిగా గాలి తగిలిందా, మన పని అయిపోయినట్టే" అని రోజూ వల్లె వేయించేవాడు.

ఆ రోజు చిమ్నీలోని మీటరు గాలి ఎక్కువుందని చూపించింది. ఆయన తలుపులు ఇంకాస్త బిగించాడు. మంట చూసే చిన్న కిటికీ దగ్గర్నుంచి బావమరిది కేకేశాడు.

"బావా, మంటలు మసకేసి పైకి సాగుతున్నాయి. గాలి చాలట్లేదు!"

"మీటరు కంటే నీకెక్కువ తెలుసా? నోర్ముయ్!"

మీటరు అబద్ధమాడలేదు. ఫర్నేసు పైగోడ బీటలోంచి దూరుతున్న గాలిని కూడా లెక్కేసి చెప్పింది. కింద మంటలకు మాత్రం ఊపిరాడటం లేదు.

కాసేపటికి ఫర్నేసు గుడగుడమని వణికింది. ఆయన కంగారుపడిపోయాడు. ఇన్నేళ్లుగా అందరికీ నూరిపోసిన పాఠం ఆ క్షణాన గుర్తుకు రాలేదు. గాలి తలుపు మీట పట్టుకుని బార్లా లాగేశాడు. కిటికీలోంచి మంట ఎగదన్ని బావమరిది ముఖాన్ని కమ్మేసింది.

రెండు కళ్లూ పోయాయన్నాడు డాక్టరు. విచారణకొచ్చిన అధికారులతో బావమరిది, గాలి తెరిచింది తనేనని చెప్పాడు. బావ ఉద్యోగం పోతే అక్క గతేమిటని అతని బెంగ.

"మీ బావ ఎన్నిసార్లు చెప్పార్రా! చెవిన పెడితేగా! ఎందుకు తెరిచావురా?" ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అక్క తమ్ముణ్ణి ఏడుస్తూ తిడుతోంది.

ఆయన గోడకానుకుని నిలబడ్డాడు. నోరు మూసుకుంటే ఉద్యోగం దక్కుతుంది, ఇల్లూ దక్కుతుంది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"వాణ్ణి తిట్టకు. తెరిచింది నేను."

"బావా, ఊరుకో" అన్నాడు తమ్ముడు.

ఆమె ఏడుపు ఆగిపోయింది. తమ్ముడి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"వీణ్ణి ఇంటికి తీసుకెళ్తాను. మీరెక్కడుంటారో చూసుకోండి."