బల్ల మీద రెండు దెబ్బలు

ఢిల్లీ ద్వారకలో నేను అద్దెకున్నప్పుడు కింది ఫ్లాట్ అంకుల్ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో ఏళ్ల తరబడి తన్నీ, తన్నులు తినీ, వయసు మళ్లాక రెజ్లింగ్‌లో విలన్ వేషానికి మారిన మనిషి. నలిగి ముద్దలైన ఆయన చెవులు చూసి గేటు దగ్గర గార్డు భయ్యా అడక్కుండానే సలాం కొట్టేవాడు.

ఆ ఆటల్లో పట్టు విడిపించుకోలేనివాడు చేత్తో రెండుసార్లు తడితే ఓటమి ఒప్పుకున్నట్టు. బరిలో తానెన్నడూ తట్టలేదని అంకుల్ గొప్ప. ఇంట్లో మాత్రం ఆంటీ గొంతు పెంచితే చాలు, భోజనాల బల్ల మీద రెండు దెబ్బలు వేసి ఊరుకునేవారు. కర్టెన్ల రంగైనా, కూరలో ఉప్పైనా అంతే.

ఒక చలికాలం గుర్‌గావ్‌లో ఆఖరి మ్యాచ్‌కి పిలుపొచ్చింది.

"ఆ దెబ్బతిన్న మోకాలేసుకుని ఎలా వెళ్తారు?" అన్నారు ఆంటీ. ఈసారి ఆయన తట్టలేదు.

మ్యాచ్ రోజు పొద్దున నేను పేపరు కోసం వాళ్లింటికి వెళ్లేసరికి అంకుల్ బూట్లు వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని ఉన్నారు. ఆంటీ ఆయన వంక చూసి, బల్ల మీద రెండుసార్లు తట్టి వంటింట్లోకి వెళ్లిపోయారు.

అంకుల్ బ్యాగు దించి, కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టారు.

"అదేంటంకుల్?" అన్నాను.

"ఈ ఇంట్లో గెలవడం నాకు అలవాటు లేదమ్మా."