రాజు పక్షం కల్నల్

కరోనా వచ్చిన మరుసటి ఏడాది అబుదాబిలో ఒక కెనడా పెద్దాయనకి ఇంటి నర్సుగా కుదిరాను. ఎనభై దాటిన మనిషి. ఇక్కడే ఏళ్ళ తరబడి బడిలో చరిత్ర చెప్పారు. భార్య పోయాక కొడుకు వీసా మీద, కొడుకు దగ్గరే ఉంటున్నారు. షుగరు వల్ల కాలికి పుండు పడింది. రోజూ నేను కట్టు విప్పి కడుగుతుంటే, నొప్పి మరిచిపోవడానికి ఆయన కథ చెప్పేవారు. ఎప్పుడూ ఒకటే కథ, తన పూర్వీకుడిది.

అమెరికావాళ్ళు ఇంగ్లండు రాజు మీద తిరగబడినప్పుడు ఆ పూర్వీకుడు రాజు పక్షాన నిలిచాడు. చుట్టుపక్కల రైతుల్ని కూడగట్టి పటాలం కట్టాడు. దానికి ఆయనే కల్నల్. సొంత తమ్ముడు అవతలి పక్షంలో చేరాడు. చివరికి రాజు ఓడిపోయాడు. గెలిచినవాళ్ళు కల్నల్ ఇల్లూ పొలమూ లాక్కుని, తిరిగొస్తే ఉరితీస్తామన్నారు. మిగిలిన సిపాయిల్ని, వాళ్ళ పెళ్ళాంబిడ్డల్ని వెంటబెట్టుకుని ఆయన ఓడెక్కి కెనడా వైపు వెళ్ళిపోయాడు. అక్కడ ఇళ్ళు లేవు. మొదటి చలికాలం గుడారాల్లోనే. ముందు పసిపిల్లలు పోయారు.

"రాజు మనల్ని చూసుకుంటాడని మీరే కదా చెప్పారు అని సిపాయిలు అడిగేవారట, సిస్టర్."

"మరి ఆయనేమన్నారు సార్?"

"ఏమంటాడు? తలొంచుకునేవాడు."

మా తాతయ్య తెల్లదొరల కాలంలో కానిస్టేబులు. జెండా పట్టుకుని ఊరేగిన సొంత ఊరివాళ్ళని లాఠీతో కొట్టాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన్ని పలకరించే దిక్కు లేకపోయిందని అమ్మ చెప్పేది. ఆ సంగతి చెబితే పెద్దాయన నా చేయి పట్టుకున్నారు.

"ఎలా బతికాడు?"

"ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట సార్."

ఆ ఎండాకాలంలోనే కొడుకు ఉద్యోగం పోయింది. అతను తండ్రి మంచం పక్కన కూర్చుని, "ఇక్కడ మన పని ఖలాస్, నాన్నా. వీసాలు రద్దవుతాయి. కెనడా వెళ్ళిపోవాలి" అన్నాడు.

"మీ అమ్మని పూడ్చింది ఇక్కడ. నేనెక్కడికి రాను?"

కొడుకు లేచి బయటికి వెళ్ళాడు. పెద్దాయన నా వైపు తిరిగారు. "సిస్టర్, నువ్వైనా చెప్పు."

"అక్కడ మంచి ఆసుపత్రులుంటాయి సార్. బాగా చూసుకుంటారు."

"కల్నల్ కూడా తన మనుషులకి అదే చెప్పాడు" అన్నారు.

ప్రయాణం రోజు ఆఖరిసారి కట్టు కట్టాను. ఆయన ఆ రోజు కథ చెప్పలేదు. నేనే కదిపాను, "తర్వాత కల్నల్ ఏమయ్యారు సార్?" అని. ఆయన గోడ వైపు తిరిగారు. చక్రాల కుర్చీని కారు దాకా తోసుకెళ్ళాను. కారు కదిలేటప్పుడు చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు.

చలికాలం మొదట్లో కొడుకు మెసేజి పెట్టాడు. కాలు తీసేశారట. వృద్ధాశ్రమంలో ఉంచారట. మాట్లాడటం మానేశారట. ఇంకొన్నాళ్ళకి మరో మెసేజి. పోయారు. నేల గడ్డకట్టి తవ్వడానికి వీల్లేదని, మంచు కరిగేదాకా శవాన్ని అలాగే ఉంచుతారని రాశాడు.

అబుదాబి శివార్లలో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో నాతోపాటు గదిలో ఉండే భీమవరం సిస్టరు నా మొహం చూసి, "ఏమైందే?" అంది.

"నా పాత పేషెంటు పోయాడే."

"అయ్యో! రా, ప్రార్థన చేసుకుందాం."

ఇద్దరం మోకరించాం. ఆమె గట్టిగా ప్రార్థించింది. దేవుణ్ణి ఏం అడగాలో నాకు తోచలేదు. ఆమె ముగించాక ఆమెన్ అని లేచి, డ్యూటీకి బట్టలు మార్చుకున్నాను.